బోధనాచిత్రములు – సహాధ్యాయుల గుణదోషవిచారము

తెనాలి రామలింగని పేరిట ప్రచారమున నున్న కథలలో గోడబొమ్మల కథ యొకటి కలదు. రాజు క్రొత్తగా కట్టించిన మేడలో చిత్రకారు డొకడు బొమ్మలు వ్రాసెను. అందొకటి ప్రక్కమొగము బొమ్మ. రామలింగడు దానిని చూచి, రెండవ ప్రక్క యేదని యడిగెను. అది చూచువాడు ఊహించుకొనవలసినదని రాజు నవ్వి త్రోసిపుచ్చెను. కొన్నాళ్లకు రామలింగడు తానే కుంచె పట్టి, ఆ గోడలమీది బొమ్మల నన్నింటిని కప్పివైచి, వట్టి గోళ్లను మాత్రము చిత్రించి, తక్కిన దేహమును ఏలినవారు ఊహించుకొనవలెననెను.

ఈ కథను నవ్వుకొనుటకే చెప్పుకొందురు. మేము మాత్రము కొంతకాలముగా దీనిని మఱియొక దృష్టితో చూచుచున్నాము. రామలింగని ప్రశ్న చెడ్డది కాదు. చిత్రభాష తెలియనివాని కెవనికైనను పుట్టదగిన ప్రశ్నయే. రాజు దానికి సమాధానము చెప్పక హేళన చేసెను. రామలింగడు హేళనకు హేళన చేసెను. దానితో గోడ పాడయ్యెను. అన్నింటికంటె విచిత్రమేమనగా, బొమ్మ వ్రాసిన చిత్రకారుడు కథ పొడవునను నోరు మెదపడు. అతని నెవరును ఏమియు అడుగరు. అతని పనిని గూర్చి ఇద్దరు తెలివైనవారు వాదించుకొనిరి; నష్టపడినవాడు అతడు. తరగతిలో ఒకరి పనిని పదిమంది విమర్శించునపుడు జరుగునది తఱుచుగా నిదియే.

ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న విద్యార్థులతో తెలుగుబోధనను గూర్చి ముచ్చటించుటకై గత కొన్ని సంవత్సరములుగా మేము తెనాలి, బాపట్ల, రేపల్లెలకు పోవుట తటస్థించుచున్నది. వీరు పాఠములకు కావలసిన బొమ్మలను ఇప్పుడు అట్టలపై వ్రాయుట తగ్గినది. సెల్‌ఫోనులోనో కంప్యూటరులోనో వ్రాయుచున్నారు. 2022 డిసెంబరునుండి మన రాష్ట్రమున ఎనిమిదవ తరగతి పిల్లలకును, వారి యుపాధ్యాయులకును ప్రభుత్వము ట్యాబులు పంచినది. అటుపిమ్మట అనేక పాఠశాలల గోడలపై స్పర్శతో నడచు పెద్ద తెరలును వెలసినవి. తెర వచ్చినచోట దానిపై చూపుటకు బొమ్మ కావలెను. కావున శిక్షణార్థులకు బోధనాచిత్ర మొకటి తయారుచేయు పని యిచ్చి, ఒకరి చిత్రమును ఒకరు పరిశీలించి అభిప్రాయము చెప్పు పద్ధతిని ప్రవేశపెట్టితిమి. ఏబదిమంది చిత్రములను ఒక్క అధ్యాపకుడు నిదానించి చూచుట కుదరదనుట యొక కారణము. రెండవది ముఖ్యతరము: రేపు వీరు ఉపాధ్యాయులైనపుడు పిల్లల పనిని చూచి మాట చెప్పవలసినవారు వీరే. ఆ మాట చెప్పు విద్యను వీరెచ్చట నేర్చుకొందురు?

మొదటి సంవత్సరము మాకు లభించిన అభిప్రాయపత్రములను చదివి నిరుత్సాహపడితిమి. నూటికి తొంబది పత్రములలో 'చాలా బాగుంది', 'రంగులు సూపర్', 'ఆల్ ది బెస్ట్ అక్కా' అను మాటలు తప్ప వేఱు లేవు. దీనికి మంచితనమే కారణమనుకొంటిమి గాని, కొంత విచారింపగా వేఱుగా తోచినది. ఈ తరగతులలో ఇరువదియొకటేండ్ల పడుచువాడును, ఇద్దరు పిల్లల తల్లియు ఒకే బల్లపై కూర్చుందురు. పెద్దవారిని అక్కా యనియు, అన్నా యనియు పిలుచుటయే మర్యాద. అక్క వ్రాసిన బొమ్మలో తప్పు పట్టుట యనగా అక్కను తప్పుపట్టుటయే యని తలతురు. పైగా ఎవరి చిత్రమును ఎవరు తగ్గించి చెప్పినను మార్కులు తగ్గునేమో యను భయ మొకటి. మిగిలిన పదిపత్రములలో మఱియొక విపరీతము కనబడినది. 'బొమ్మ అసలు అర్థం కాలేదు', 'టైం వేస్టు' – ఇట్టివి. మెప్పులోను నింపాదిగా చూచిన గుర్తు లేదు, తెగడ్తలోను లేదు. రెండింటి జబ్బును ఒకటే.

ఈ పరిస్థితి మార్చిన సంఘటన యొకటి చెప్పవలసియున్నది. తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుమార్గమున వేమూరు దాటినపిదప భట్టిప్రోలు వచ్చును. 1892లో అలెగ్జాండరు రే అచ్చటి స్తూపమును త్రవ్వించినపుడు శాసనములు గల శిలాకరండములు బయటపడినవి. వానిలోని లిపిని బ్యూలరు పండితుడు పరిష్కరించెను. కుబీరకుడను రాజు పేరు అందు గలదు. మన లిపి చరిత్రము చెప్పు ప్రతివాడును భట్టిప్రోలును తలచుకొనక మానడు. కావున ఒక విద్యార్థి 'భట్టిప్రోలు లిపి' యను శీర్షికతో కదలు చిత్రమొకటి చేసికొనివచ్చెను. నల్లరాతి గరుకుదనమును అనుకరించు నేల. దానిపై బంగారువన్నె అక్షరములు ఒకటొకటిగా చెక్కబడుచున్నట్లు వెలువడుట. తరగతి చప్పట్లు కొట్టినది. మేమును ముచ్చటపడితిమి.

అభిప్రాయములు చెప్పు సమయమున, భట్టిప్రోలు ప్రాంతపు పల్లెనుండి వచ్చు విద్యార్థిని యొకతె లేచి, 'ఇందులో క అక్షరం కూడిక గుర్తులాగా ఉంది కదండీ, మన పుస్తకంలో అశోకుడి బ్రాహ్మీ పట్టికలో కూడా అలాగే ఉంది. రెండూ ఒకటే అయితే భట్టిప్రోలు లిపి అని వేరే పేరు ఎందుకొచ్చింది?' అని యడిగెను. ఆమె తప్పు పట్టలేదు. తనకు కలిగిన సందేహమును చెప్పినది. చిత్రము చేసిన విద్యార్థి మొదట తడబడెను. మఱునాడు మాయొద్దకు వచ్చి పట్టిక లడిగి తీసికొనిపోయెను. అతడు కనుగొనిన విషయ మిది. అశోకుని బ్రాహ్మిలో గుర్తేమియు లేని హల్లే అకారముతో కూడినట్లు పలుకబడును; ప్రక్కకు చిన్నగీత గీచినచో దీర్ఘమగును. భట్టిప్రోలు కరండములపై నట్లు గాదు. అచ్చట ఆ ప్రక్కగీత హ్రస్వాకారమునే తెలుపును. దీర్ఘమునకు ఆ గీత క్రిందికి వంగియుండును. గీత లేనిది పొల్లుహల్లు. భట్టిప్రోలు లిపి విశిష్టతలలో ముఖ్యమైనది ఇదియే. అతని చిత్రమున ఇది యొక్కటే లేదు. పేరు భట్టిప్రోలుది, అక్షరము అశోకునిది. ఇంతటి సొగసైన చిత్రము విద్యార్థులకు తప్పును బంగారముతో చెక్కి నేర్పియుండెడిది.

అతని రెండవ ప్రతిలో కూడికగుర్తును ముందుగా చూపి, దానికి ప్రక్కగీత చేరుటను వేఱు రంగుతో చూపెను. అపుడు వెనుక బల్లవా డొకడు, గరుకునేలపై గీత కనబడుటలేదనెను. అతడు ఫోనులో చూచుచు చేసెను. తరగతిలో పగటి వెలుతురులో ప్రొజెక్టరు తెరపై బంగారువన్నె వెలవెలబోయెను. మూడవ ప్రతిలో రాతినేల పోయినది. తెల్లని నేల, నల్లని అక్షరము, ఎఱ్ఱని గీత. చూచుటకు మొదటి ప్రతియంత వేడుకగా లేదు. ఎనిమిదవ తరగతి పిల్లలకు దానిని చూపగా, గీతను వారే వ్రేలితో చూపిరి. అపుడొక బాలుడు, ఇది మన తలకట్టేనా యని యడిగెనట! పోలిక ముచ్చటైనదే గాని పోలిక యున్నంతమాత్రమున వంశమున్నదనరాదు. ఆ సంగతి వేఱుగా విచారింపదగినది.

ఈ విద్యార్థిని అడిగిన ప్రశ్నలో గుణమెక్కడ నున్నదో కొంత ఆలోచించితిమి. మొదటిది, ఆమె చిత్రమును చూచినది, చిత్రకారుని గాదు. రెండవది, ఒక్క యక్షరము దగ్గఱ నిలిచినది. మూడవది, ఆమె విమర్శకురాలుగా గాక పాఠము వినుచున్న పిల్లగా నడిగినది. ఈ మూడవ గుణమే బోధనాచిత్ర విమర్శకు ప్రాణమని మా అభిప్రాయము. సామాన్యచిత్రమును చూచువాడు సహృదయుడైన చాలును. బోధనాచిత్రమును చూచువాడు, ఇది చూచి నాకేమి తెలిసినది, ఏమి తెలియలేదు, ఏమి తప్పుగా తెలిసినది అని చెప్పగలుగవలెను. చిత్రము చేసినవానికి విషయము ముందే తెలియును గనుక తన చిత్రములో లేనిదికూడ అతనికి కనబడును. సహాధ్యాయి కన్ను వలన ఈ లోపము తీరును.

తోటివారి యెదుట తన రచనను ఉంచుట మన ప్రాంతమునకు క్రొత్త గాదు. తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రిగారు సభాపతిగా తెనాలిలో వెలసిన సాహితీసమితి నూరేండ్లనాటిది. రేపల్లెలో న్యాయవాదవృత్తి నడపుచు చారిత్రకనవలలు వ్రాసిన నోరి నరసింహశాస్త్రిగారు ఆ సమితివారే. సమవయస్కులు కూడి వ్రాసికొని వినిపించుకొనుటయే అట్టి కూటముల ఊపిరి. బొమ్మల విషయమున సైతము తెనాలికి సంబంధమున్నది. ఐతానగరమున పుట్టిన చక్రపాణిగారు నాగిరెడ్డిగారితో కలిసి 1947 జులైలో చందమామను వెలువరించిరి. తెనాలివారే యగు కొడవటిగంటి కుటుంబరావుగారు చాలకాలము దాని సంపాదకత్వమును నిర్వహించిరి. ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య మొదలగువారి బొమ్మలు కథకు దూరముగా నుండవు. ఏ పుటలో ఏ సంగతి జరిగినదో ఆ పుటలోనే దాని బొమ్మ యుండును. మాటను బొమ్మను దగ్గఱగా నుంచినచో చదువరికి గ్రహించుట సులభమని రిచర్డు మేయరు మొదలగు నేటి మనశ్శాస్త్రజ్ఞులు ప్రయోగములు చేసి చెప్పుచున్నారు. మా విద్యార్థులకు మేయరు మాటకంటె పాత చందమామ సంచిక చూపుటయే ఎక్కువ ఉపకరించినది.

ఇట్టి విమర్శవలన మేలు కలుగుట నిశ్చయమా? కాదు. 1996లో క్లూగరు, డినిసి యను నిరువురు పరిశోధకులు అంతకు పూర్వపు అధ్యయనములను పెక్కింటిని కూడబెట్టి పరిశీలింపగా, పనిని గూర్చి చెప్పిన అభిప్రాయము సగటున మేలే చేసినను, మూడింట నొకవంతుకు పైగా సందర్భములలో పనిని చెడగొట్టినదని తేలినది. దృష్టి పనిమీదనుండి మనిషిమీదికి మరలినపుడు చేటు కలుగునని వారు సూచించిరి. 1988లో రూత్ బట్లరు ఇశ్రాయేలు పాఠశాలలలో చేసిన పరిశోధనములో, మాటలతో అభిప్రాయము మాత్రము పొందిన పిల్లలు ముందుకు పోయిరి; అదే అభిప్రాయమునకు మార్కు జతచేసినచో ఆ మేలు కనబడలేదు. మార్కు కనబడగానే మాట చదువువారుండరు గదా! ఇది చదివినపిదప మేము సహాధ్యాయుల పత్రములనుండి మార్కుల గడిని తీసివేసితిమి. దానితోనే 'సూపర్'లు సగము తగ్గినవి. ఆస్ట్రేలియా పండితుడగు శాడ్లరు 1989లోనే చెప్పిన మాట యొకటి ఇచ్చట స్మరింపదగినది. విద్యార్థికి మంచి పని యెట్లుండునో తెలియవలెను. తన పని దానికెంత దూరమున నున్నదో తెలియవలెను. ఆ దూరమును తగ్గించు ఉపాయము తెలియవలెను. ఇతరుల పనిని పరిశీలించుట వలన మొదటి రెండును అలవడును. అనగా విమర్శ పొందినవానికంటె చేసినవానికే యొక్కొక్కప్పుడు లాభ మధికము.

ఏ క్రమమున మాటాడవలెననుట యొక చిక్కు. ఫెల్డుమను కళావిమర్శకు నాలుగు మెట్లు చెప్పెను: కనబడునది చెప్పుట, అమరికను విడదీయుట, అర్థము చెప్పుట, పిదపనే తీర్పు చెప్పుట. మేము మొదటి మెట్టును గట్టిగా పట్టుకొంటిమి. తీర్పు చెప్పకముందు, తెరపై నేమున్నదో ఒకరు పైకి చెప్పవలెను. ఇది వినుటకు వెఱ్ఱిగా తోచును. కాని బాపట్లలో ఒక కాలువ చిత్రము విషయమున, 'నీళ్లు ఎడమనుంచి కుడికి పోతున్నాయి, పైన బ్యారేజి ఉంది' అని చెప్పినవానికి మఱియొకడు, 'కాదు, బ్యారేజి వైపే పోతున్నట్లుంది' అనెను. బాణపుగుర్తు తోకయు మొనయు ఒకే లావున నుండెను. బాగుగలదా, లేదా యని మొదలుపెట్టినచో ఈ సంగతి బయటపడియుండదు. తెనాలిలో మూడు కాలువలు ఊరినడుమ పోవుచుండగా చూచి పెరిగినవాని కది సందేహమే గాదు. కాలువ లేని ఊరి పిల్లకు అదియే పాఠము.

అందఱికిని ఒకటే కనబడదనుట పూర్వులును ఎఱిగిన సంగతి. విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రము, ఆచార్యులు రేఖను మెచ్చుదురనియు, నేర్పరులు ఛాయలను మెచ్చుదురనియు, కొందఱు భూషణములను, తక్కినవారు వర్ణసంపదను కోరుదురనియు భావము చెప్పుచున్నది. కామసూత్రవ్యాఖ్యయైన జయమంగళలో చిత్రమునకు రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అని ఆరంగములు చెప్పబడినవి. మేము ఈ ఆరింటిని పలకపై వ్రాసి, ఒక్కొక్కరు ఒక్కొక్క అంగమును మాత్రమే చూడవలెనని పంచియిచ్చితిమి. తెలుగు విద్యార్థులకు ఇవి పరాయిమాటలుగా తోపలేదు. అలంకారశాస్త్రము చదివినవారే గదా. ప్రమాణము చూచు విద్యార్థి దోమకంటె మంచినీటిబిందె చిన్నదిగా నుండుట పట్టుకొనెను. దోమను పెద్దదిచేసి చూపుట తప్పు గాదు. పెద్దదిచేసితిమని చెప్పకుండుట తప్పు. ఐతే ఈ ఆరింటిలో దేనికిని చెందని దోషములు డిజిటల్ చిత్రములో కొన్ని గలవు. వానికి శాస్త్రకారులు బాధ్యులు గారు.

అందు మొదటిది తెలుగక్షరము. రోమను లిపికై నిర్మింపబడిన చిత్రోపకరణములు కొన్నింటిలో మన గుణింతములు విడిపోవును. ఒత్తులు ప్రక్కకు వచ్చును. ఫోటోషాపువంటి దాని పాత ప్రతులలో దక్షిణాసియా లిపుల అమరికను ప్రత్యేకముగా ఎన్నుకొననిదే 'క్ష్మి' వంటి అక్షరము సరిగా కూడెడిది కాదు. అను లిపిలో టైపుచేసిన పాఠమును యూనికోడులోనికి మార్చక అంటించినచో అర్థము లేని గుర్తులు వచ్చును. వరుసల నడిమి ఎడము తక్కువైనచో పై వరుస ఒత్తు క్రింది వరుస గుడిని తాకును. కృత్రిమమేధచే బొమ్మలు వ్రాయించు అలవాటు వచ్చినపిదప ఈ బాధ మఱియు పెరిగినది. అందలి తెలుగు దూరమునుండి తెలుగువలె నుండి, దగ్గఱకు పోయిన నే లిపియు గాకుండును. 'ఈ ఫలకంమీద ఏం రాసి ఉందో చదవండి' అని తోటివా డడిగినచో చాలును, సంగతి తేలిపోవును. రెండవది రంగు. నేలకును అక్షరమునకును వెలుగుచీకట్ల నిష్పత్తి కనీసము 4.5:1 ఉండవలెనని అంతర్జాల ప్రమాణములు విధించుచున్నవి. ఎఱుపు ఆకుపచ్చల భేదము కనబడని పిల్లలు తరగతి కొకరిద్దరుండవచ్చును గావున, రంగుతోబాటు ఆకారముచేతను భేదము చూపవలెను. ఇవి రుచికి సంబంధించినవి కావు, కొలిచి చెప్పదగినవి. కొలిచి చెప్పదగినదానిని కొలిచి చెప్పినచో ఎదుటివానికి నొప్పి కలుగదు. 'అక్కా, నీ రంగులు బాగోలేదు' అనుటకును, 'అక్కా, మూడో బల్లనుంచి పసుపు అక్షరాలు నాకు కనబడలేదు' అనుటకును ఎంత యంతరము!

ఇంకొకటి. కాగితముపై చిత్తుబొమ్మ చిత్తువలెనే యుండును. దానిని చూచి మార్పు చెప్పుటకు ఎవరును జంకరు. కంప్యూటరులో మొదటి గీతనుండియు బొమ్మకు ఒక నునుపు వచ్చును. సగము పనియైనను పూర్తియైనట్లే కనబడును. చేసినవానికి మార్చబుద్ధి పుట్టదు. చూచినవానికి చెప్పబుద్ధి పుట్టదు. అందుచేత మేము రంగు వేయకమునుపే, వట్టి గీతలతో నున్నప్పుడే మొదటి పరిశీలన జరిపించుచున్నాము. పొరలు పొరలుగా చిత్రించు ఉపకరణములలో ఇది కష్టము గాదు. అమెరికాలో రాన్ బెర్గరను ఉపాధ్యాయుడు ప్రచారము చేసిన ఉదాహరణమొకటి పెక్కుచోట్ల చూపుచుందురు. ఒకటవ తరగతి బాలు డొకడు సీతాకోకచిలుకను ఆరుమారులు గీచెను; ప్రతిమారును తోటిపిల్లలు, ముందు రెక్కల ఆకారమును గూర్చి, పిమ్మట వానిమీది చారలను గూర్చి చెప్పిరి. చివరి బొమ్మను చూచినవారు అదే పిల్లవాని చేయి యని నమ్మరు. ఆకారము కుదిరినపిదపనే చారల మాట యెత్తుట ఇందు గమనింపదగినది.

ఇంతవరకు ఇతరుల తప్పులు చెప్పితిమి. ఇక మా తప్పు చెప్పవలెను.

రేపల్లెలో ఒక విద్యార్థిని మడ అడవులను గూర్చి చిత్రము చేసినది. కృష్ణ సముద్రమున కలియుచోటి బురదనేల, అందులో మడచెట్టు, చెట్టుచుట్టును బురదలోనుండి నిట్టనిలువుగా పైకి లేచిన పుల్లలవంటివి వందలకొలది. మేము చూచి, 'ఇవేమమ్మా, వేళ్లు పైకి లేచినాయి? మడచెట్టు వేళ్లు కాండంనుంచి విల్లులాగా వంగి బురదలోకి దిగుతాయి' అంటిమి. మా మనస్సులో నున్నది ఏదో పుస్తకమున చూచిన బొమ్మ. తరగతిలో కొందఱు నవ్విరి. ఆమె 'సరేనండీ' యని కూర్చుండెను. మేమును సహాధ్యాయులకు అభిప్రాయము చెప్పు అవకాశ మీయక తరువాతి చిత్రమునకు పోయితిమి.

వారము గడచినపిదప నిజాంపట్నము వైపునుండి వచ్చు విద్యార్థి యొకడు సంకోచించుచు, 'మా ఏటి ఒడ్డున ఆమె వేసినట్లే ఉంటాయండీ. పోటు వచ్చినప్పుడు మునుగుతాయి, పోటు తీసినప్పుడు కాళ్లకు గుచ్చుకుంటాయి' అని చెప్పెను. పుస్తకములు తిరిగి చూచితిమి. కృష్ణాముఖమున విస్తారముగా పెరుగు మడజాతులకు ఊపిరివేళ్లు బురదలోనుండి పైకే లేచును. గాలి పీల్చుకొనుటకై అట్లు లేచును. విల్లువలె వంగి దిగు ఊతవేళ్లు వేఱొక జాతికి గలవు. ఆమె చూచి గీచినది. మేము చూడక చెప్పితిమి.

ఆమెను పిలిచి, తప్పు మాదని తరగతియెదుటనే చెప్పి, చిత్రము తెప్పింపుమంటిమి. 'తీసేశానండీ' అనెను. ఆనాటి సాయంత్రమే ఫోనులోనుండి తుడిచివైచినదట. అట్టపై వ్రాసినదైనచో ఏ మూలనో పడియుండి మఱల దొరకియుండెడిది. డిజిటల్ చిత్రమునకు ఆ అదృష్టము లేదు. సిగ్గుపడిన క్షణమున వ్రేలితో నొక్కినచో నిశ్శేషముగా పోవును.

నాటినుండి మూడు ఊళ్లలోను రెండు మార్పులు చేసితిమి. చిత్రము చూపినపిదప అధ్యాపకుడు చివరను మాత్రమే మాటాడును. అతనికంటె ముందు కనీసము ముగ్గురు సహాధ్యాయులు చెప్పవలెను. అంతకుమునుపే చిత్రము చేసినవారు, తమకు దేనిని గూర్చి సందేహమున్నదో, దేనిని గూర్చి నిశ్చయమున్నదో, ఎచ్చట చూచి గీచిరో చెప్పవలెను. లిజ్ లెర్మను 1990లో నాట్యకళాకారులకై ఏర్పఱచిన విమర్శపద్ధతిలోను కళాకారుడే ప్రశ్న యడుగు ఘట్ట మొకటి గలదు. మేము దానిని తరువాత చదివితిమి. 'ఇది నేను మా ఊళ్లో చూసి వేశానండీ' అను ఒక్క మాట ఆనాడు ఆమె చెప్పు అవకాశమున్నచో మా నోరు మూతపడియుండెడిది. రెండవ మార్పు, ప్రతి చిత్రమును ఒకటవ ప్రతి, రెండవ ప్రతి యని వేఱువేఱు పేళ్లతో భద్రపఱచి, పరిశీలనకు ముందే తరగతి సంచయములో నుంచవలెననుట.

చెప్పిన ప్రతిమాటను ఆచరింపవలసిన పని లేదనియు విద్యార్థులకు చెప్పుచున్నాము. ఏది గ్రహించిరో, ఏది వదలిరో, ఎందువలననో ఒక్క వాక్యముగా వ్రాసియిచ్చినచో చాలును. ఇందువలన విమర్శించినవారును తమ మాట యేమైనదో తెలిసికొందురు. అధ్యాపకులమైన మా మాటను వదలినవారు ఇప్పటికి నలుగురు. అందు ముగ్గురి కారణములు సరియైనవే.

ఆ విద్యార్థిని ఆ సంవత్సరము ముగియకముందు మఱియొక చిత్రము చేసినది. బాపట్ల భావనారాయణస్వామి ఆలయమును గూర్చి. గోపురము, ప్రాకారము, మెట్లు – కొలతలన్నియు చక్కగా నున్నవి. సహాధ్యాయులు చెప్పుటకు పెద్దగా నేమియు దొరకలేదు. ఆ బొమ్మలో చెట్టు ఒక్కటియు లేదు. నిజాంపట్నపు విద్యార్థియే లేచి, 'మడ బొమ్మ మళ్లీ ఎప్పుడు వేస్తావు అక్కా?' అని యడిగెను. ఆమె నవ్వి, ప్రొజెక్టరు తీగ ఊడదీసినది.